రెండున్నర రోజుల కన్ను

తబిత నోటుబుక్కులో దొంగ అంకెలు ఉన్నాయని అనుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పైకి అనలేదు, లోపల అనుకున్నాను. అదీ ఒక్క పూట. అయినా తప్పు తప్పే. ఆమె కథ చెప్పేముందు నా బుద్ధి సంగతి ఒప్పేసుకుంటే నా బరువు దిగుతుంది.

నా పేరు సీతారామలక్ష్మి. రాజమండ్రిలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళు బోటనీ చెప్పాను. తబిత తొంభై నాలుగులో జువాలజీలో చేరింది. పెనుగొండ దగ్గర పల్లెటూరు వాళ్ళది. తల్లి బేబి నాట్లకీ కోతలకీ వెళ్ళే కూలి మనిషి. ఈ పిల్ల లూథరన్ మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, ఎమ్మెస్సీ ఫస్టు క్లాసులో పాసై, మా గదిలో నా ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంది. నా నోటికి ప్రిన్సిపాల్ గారు కూడా జడిసేవారు. తబితకి నోట్లో నాలుక లేదు. ఎవరేమన్నా "అలాగేనండి" అనేది. ఆ "అలాగేనండి" వింటే నాకు ఒళ్ళు మండేది.

ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకుంది. గైడు సూర్యప్రకాశం గారు, విశాఖపట్నంలో ప్రొఫెసరు. ఒకరోజు నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచింది.

"ఒకసారి చూడండి మేడమ్. రెండున్నర రోజుల కోడిగుడ్డండి."

చూశాను. గోరు మీద పట్టేంత పిండం, దానికి అప్పుడే కన్ను. చిన్న గిన్నె బోర్లించినట్టుంది. మొక్కల మనిషిని కదా, పెద్దగా ఆశ్చర్యపోకూడదని బిగబట్టుకున్నాను గానీ నా వల్ల కాలేదు. "ఓసి దీని దుంపతెగ! అప్పుడే కన్నే?" అనేశాను.

"కణాలు ఊరికే గాల్లో నిలబడవండి. అవే కొన్ని ప్రోటీన్లని బయటికి వదిలి, చుట్టూ పరుచుకుంటాయి. అందులో లామినిన్ అని ఒకటి. రెటీనా లోపలి అంచున అది పొరలా పరుచుకుంటుంది. నరం పోగులు ఆ పొరని పట్టుకునే మెదడు దాకా దారి చూసుకుంటాయండి."

"నా బుర్రకి ఎక్కేలా చెప్పు."

"మా అమ్మ నాటు వేస్తుంది కదండి. దమ్ము చెయ్యని చేలో నారు గుచ్చితే నిలుస్తుందా? ఇదీ అంతేనండి. పొర ముందు పరుచుకుంటుందా, పోగులు ముందు బయల్దేరతాయా? ముందైతే ఎన్ని గంటలు ముందు? అదే నా థీసిస్."

ఆ "ఎన్ని గంటలు" అన్న మాట దగ్గరే పిల్ల నాలుగేళ్ళు కొట్టుకుపోయింది.

పిల్లలయ్యే గుడ్లు కావాలి, అవి ఊళ్ళో కొనుక్కునేది. వాటిని ఒక నిర్ణయించిన గంటకి పొదుగుడు మిషన్లో పెట్టాలి. సరిగ్గా నలభై ఎనిమిదో గంటకో, యాభై రెండో గంటకో, యాభై ఆరో గంటకో తీసి పగలగొట్టాలి. మా కాలేజీ మిషన్ కరెంటు పోయిందంటే చల్లబడిపోయేది, కరెంటు పోని రోజు ఉండేది కాదు. అందుకని అనపర్తిలో జనరేటరు ఉన్న ఒక కోడిపిల్లల హేచరీ యజమానిని బతిమాలుకుంది. ఆయన మంచివాడే. వాడకుండా మూల పడేసిన చిన్న పొదుగుడు మిషన్, సెట్టర్ అంటారు, ఒకటి ఆమెకి ఇచ్చాడు. కాకపోతే కోళ్ళకి జబ్బులొస్తాయని బయటివాళ్ళని లోపలికి అడుగు పెట్టనివ్వరు. గేటు దగ్గర చిట్టియ్య అనే పాత పనివాడు ట్రే అందుకునేవాడు. తబిత ఏ టైముకి పెట్టమంటే ఆ టైము రిజిస్టర్లో రాసేవాడు. తబిత తన నోటుబుక్కులో రాసుకునేది. మళ్ళీ లెక్క ప్రకారం వచ్చి గుడ్లు తీసుకునేది. రెండేళ్ళలో అలా నలభై ఒక్క బ్యాచీలు పెట్టించింది. ప్యాసింజరు రైల్లో ఒళ్ళో బుట్ట పెట్టుకుని ఎన్నిసార్లు తిరిగిందో ఆ పిల్లకే తెలియాలి.

లామినిన్‌కి మాత్రమే అంటుకునే ఒక మందు ఉంది. అది అంటిన చోట గోధుమరంగు వస్తుంది. ఆ రంగు ఏ గంటకి ఎంత ఉందో తబిత చూసేది. ప్రతి బ్యాచిలో డజను పిండాలని మాత్రం చెక్కుచెదరకుండా స్లైడ్ల మీద పెట్టి, బ్యాచి నంబరు తప్ప ఏమీ రాయకుండా గైడు గారికి ఇచ్చేది. పిండానికి వెన్ను రెండు పక్కలా చిన్న దిమ్మెలు జతలు జతలుగా పుడతాయట. గంటన్నరకి ఒక జత. వాటిని లెక్కపెడితే పిండం వయసు ఎంతో తెలిసిపోతుంది. తబిత తెలియకుండానైనా తనకి అనుకూలంగా లెక్కపెట్టుకోకూడదని ఆ పని గైడు గారు తనే చేస్తానన్నారు.

తొంభై ఎనిమిది మార్చిలో ఆయన పది బ్యాచీలు లెక్కపెట్టారు. అందులో నాలుగు తేడా వచ్చాయి. నోటుబుక్కులో యాభై నాలుగు గంటలని ఉంటే పిండం యాభై ఒకటిన్నరే అంటోంది. ఆరు బ్యాచీలు గంట కొట్టినట్టు సరిపోయాయి. ఆయన మిగతావి చూడనే లేదు. నోటుబుక్కు మూసి, "నువ్వు కొన్నిసార్లు అనపర్తి వెళ్ళకుండానే ఇంట్లో కూర్చుని టైము రాసుకున్నావు" అన్నారట.

తబిత ఇంటికి వెళ్ళలేదు, సరాసరి కాలేజీకే వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. బీరువా పక్కన నిలబడి అంతా చెప్పింది.

"ఇప్పుడేం చెయ్యమంటారట?" అన్నాను.

"ఫరవాలేదమ్మా, అందరూ చేసేదే అన్నారండి. జతల లెక్కకి సరిపోయేట్టు గంటలు దిద్దుకుని, కొత్త నోటుబుక్కు రాసుకురమ్మన్నారు. సంతకం పెడతారట. జూన్ నెలాఖరుకి నా రిజిస్ట్రేషన్ అయిపోతుందండి. ఇక పొడిగించరు."

"మరింకేం? రాసిచ్చెయ్."

నా నోటికి ఆ మాట ఎలా వచ్చిందో! నిజం చెప్పొద్దూ, నాకూ ఆ పూట అనుమానం తగిలింది. రెండేళ్ళు, చంకలో బుట్ట, ఎండా వానా... ఎప్పుడో ఓ రోజు మానేసి ఉంటుందిలే, మనిషే కదా అనుకున్నాను. తబిత నా మొహంలోకి చూసింది. కనిపెట్టేసింది.

"వెళ్ళానండి. ప్రతిసారీ వెళ్ళాను. నేను చెప్పిన టైముకి ట్రే చేతికిచ్చాను. రాసిందే రాశాను. ఒక్క అంకె కూడా దిద్దను. డిగ్రీ పోతే పోయిందండి. కానీ కూలిదాని కూతురు దొంగ లెక్క రాసి డాక్టరయిందన్న మాట నేను పడలేను."

నాలుగేళ్ళలో ఆ పిల్ల నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది. తల దించుకుని, "పద, ఈ శుక్రవారం నేనూ వస్తాను. సాక్షిగా ఉంటాను" అన్నాను. ఇద్దరం సెలవు పెట్టాం.

శుక్రవారం పదిన్నరకి ట్రే ఇచ్చాం. చిట్టియ్యకి అరవై ఏళ్ళు దాటి ఉంటాయి, అంచు పంచె, భుజాన తువ్వాలు. రెండు చేతులా ట్రే అందుకుని "పదిన్నరేనాండి మేడమ్ గారూ? అలాగేనండి" అని రిజిస్టర్లో పదిన్నర అని రాసి లోపలికి తీసుకెళ్ళిపోయాడు. అంతా సవ్యంగానే ఉంది. స్టేషనుకి వచ్చేశాం. తీరా చూస్తే నా టిఫిన్ క్యారేజీ గేటు దగ్గర అరుగు మీద మర్చిపోయాను. పులిహోర! వదులుకుంటానా? తబిత వద్దంటున్నా వెనక్కి లాక్కెళ్ళాను.

వెళ్ళేసరికి పదకొండుంపావు. గేటు సందులోంచి చూస్తే ట్రే వరండాలో బల్ల మీదే ఉంది, పైన తడి గుడ్డ కప్పి. పక్కన చిట్టియ్య తీరుబడిగా చుట్ట కాల్చుకుంటున్నాడు.

"ఏమయ్యా! ఇంకా పెట్టలేదేం?" అని గేటు ఊపేశాను.

ఆయన కంగారుగా చుట్ట పడేసి లేచాడు. "పెడతానండి అమ్మగారూ. ఇప్పుడు రాహుకాలం కదండి. పన్నెండింటికి వదులుతుందండి. ఆ వెంటనే వర్జ్యం పట్టుకుందండి ఇవాళ. ఒకటీ నలభై దాటగానే పెట్టేస్తానండి."

"మరి పదిన్నరకి పెట్టినట్టు రాశావే?"

"మేడమ్ గారు పదిన్నర అన్నారు కదండి. ఆవిడ మాట కాదని ఇంకో టైము రాస్తే బాగుంటుందాండి?"

నేను లెక్క వేస్తున్నాను: పదిన్నర నుంచి ఒకటీ నలభై దాకా మూడు గంటల పైన. రెండు జతల దిమ్మెలు! రాహుకాలమైనా ఏ వారానికి ఏ వేళో ఖాయంగా ఉంటుంది. వర్జ్యం నక్షత్రాన్ని బట్టి రోజుకో వేళకి జరిగిపోతూ ఉంటుంది. అందుకే ఎవరికీ అంతు చిక్కలేదు. రెండేళ్ళ నుంచీ ఈ మహానుభావుడు గుడ్లకి ముహూర్తాలు పెడుతున్నాడు!

"నువ్వు ఈ హేచరీలో లక్ష గుడ్లకీ ఇలాగే వర్జ్యం చూస్తావా?" అని అరిచాను.

"అబ్బే, వాటికెందుకండి! యజమాని ఊరుకుంటారా? ఈవిడ గుడ్లకేనండి. చదువు కోసం పెట్టేవి కదండి. అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెస్తారు పాపం. చెడ్డవేళ పెడితే ఈవిడ డాక్టరీ ఎక్కడ ఆగిపోతుందోనని..."

నేను తిట్టడానికి నోరు తెరిచాను. తబిత నన్ను వారించింది. కళ్ళ నిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు, రెండూ ఒకేసారి. "చిట్టియ్య గారూ, మీ వల్ల నా మీద దొంగ లెక్కలు రాశానని మాట పడిందండి" అని మెల్లగా చెప్పింది.

ఆ మాట వినగానే పెద్దాయన మొహం చిన్నబోయింది. తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు. "ఎంత పని చేశానండీ! మీకు మేలు చేద్దామనుకున్నానండి."

"మేలే చెయ్యండి. ఇకనుంచి మీరు ఎప్పుడు పెడితే ఆ టైమే రాయండి, చాలు."

"రాస్తానండి. కానీ వర్జ్యంలో మాత్రం నా చేత్తో పెట్టలేనండి."

"పెట్టొద్దులెండి. నిజం రాయండి."

ఇప్పుడు గడిచిపోయిన రెండేళ్ళ సంగతేంటి? చిట్టియ్యకి ఏ రోజు ఎంతసేపు ఆగాడో ఎలా గుర్తుంటుంది? గుర్తుండక్కర్లేదు. పంచాంగానికి గుర్తుంటుంది. నేను అంబాజీపేట దగ్గర పురోహితుడి కూతుర్నై ఉండి, నా పెళ్ళి ముహూర్తానికి తప్ప పంచాంగం మొహం చూడలేదు. మా నాన్నగారు మాత్రం పాతికేళ్ళ పంచాంగాలు దాచారు. తొంభై ఆరు తుపానుకి ఇంటి కప్పు లేచిపోతే, బియ్యం బస్తాలు వదిలేసి ముందు ఆ పెట్టె భుజానికెత్తుకున్నారని అమ్మ ఇప్పటికీ సాధిస్తూనే ఉంటుంది.

ఆదివారం ఉదయం చర్చి ఆరాధన అవగానే తబితని తీసుకుని వెళ్ళాను. ధాత, ఈశ్వర నామ సంవత్సరాలు, ఆ రెండేళ్ళ పంచాంగాలూ కావాలన్నాను.

"ఎవరి పెళ్ళమ్మా?" అన్నారు నాన్నగారు.

"పెళ్ళి కాదు నాన్నా. కోడిగుడ్లు."

ఆయన కళ్ళజోడు తీశారు. "కోడిగుడ్లకి నేను వర్జ్యాలు కట్టాలా?" మా ఇంట్లో గుడ్డు అన్న మాటే అనరు. ఇక అంతేననుకున్నాను. తబిత ముందుకొచ్చి, తనమీద పడ్డ మాట ఏమిటో, ఎందుకు వచ్చిందో నెమ్మదిగా చెప్పింది. ఆయన చివరిదాకా విన్నారు.

"నిజం రాసిన పిల్లని అబద్ధమంటారా?" అని లేచి పెట్టె దించారు. "కూర్చో తల్లీ. తేదీలు చదువు."

తబిత తేదీ, వేళ చదవడం, ఆయన వేలు పెట్టి వర్జ్యం, రాహుకాలం చెప్పడం. సాయంత్రం దాకా అదే పని. మధ్యలో అమ్మ కాఫీ తెచ్చింది. తబితకి ఏ గ్లాసులో ఇస్తుందోనని ఓ కంట కనిపెట్టాను. మా అందరి గ్లాసుల్లాంటి దాంట్లోనే ఇచ్చింది. బతికిపోయాం. లెక్క తేలింది: నలభై ఒక్క బ్యాచీల్లో పదమూడు చెడ్డవేళలో పడ్డాయి. ఏది ఎంతసేపు ఆగి ఉండాలో పక్కన రాసి, కవరులో పెట్టి అంటించాం.

మర్నాడే విశాఖపట్నం. సూర్యప్రకాశం గారు నా చేతిలో పంచాంగాలు చూసి కస్సుమన్నారు. "ఏంటండి ఇది? సైన్సు డిపార్ట్‌మెంటులోకి పంచాంగాలు పట్టుకొస్తారా?"

"ముహూర్తం పెట్టడానికి రాలేదండి. గడియారం సరిచెయ్యడానికి వచ్చాం" అన్నాను. విషయం చెప్పాను. ఆయన నవ్వారు. నవ్వుకేం, డబ్బులా దస్కమా! "మా జాబితా ఈ కవరులో ఉంది. మీరు నలభై ఒకటీ లెక్కపెట్టండి. ఏది ఎంత వెనకబడిందో రాయండి. ఆ తర్వాతే విప్పండి. సరిపోకపోతే ఈ పిల్ల ఇక మీ గడప తొక్కదు."

మాట ఇచ్చేశాక తబిత వైపు చూశాను. అడగకుండా దాని నాలుగేళ్ళూ పణంగా పెట్టేశాను! అది కళ్ళతోనే సరేనంది.

రెండు రోజులు పట్టింది ఆయనకి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి గానీ, లెక్క దగ్గర మాత్రం నిప్పు. మూడో రోజు ఆయన కాగితం బల్ల మీద పెట్టి కవరు చించారు. ఆయన లెక్కలో వెనకబడినవి పదకొండు. ఆ పదకొండూ మా జాబితాలో ఉన్నాయి. ఒక వర్జ్యం దగ్గర ఒక జత తక్కువ, వర్జ్యం రాహుకాలం రెండూ కలిసిన చోట రెండు జతలు తక్కువ. ఆయన నుదుటి మీద చెమట పట్టడం నా కళ్ళారా చూశాను.

అయినా ఓటమి ఒప్పుకుంటారా? "మీ జాబితాలో పదమూడున్నాయి. పదిహేడో బ్యాచి, ముప్పయ్యో బ్యాచి కూడా వర్జ్యంలో పడ్డాయన్నారు. కానీ పిండాలు టైముకే ఉన్నాయి. దీనికేమంటారు?"

తబిత నోటుబుక్కు తెరిచి పదిహేడో బ్యాచి పేజీ తీసింది, తర్వాత ముప్పయ్యోది. రెండు పేజీల్లోనూ కింద చిన్న అక్షరాలతో ఒకే మాట: "చిట్టియ్య గారు లేరు. ట్రే బుల్లియ్య తీసుకున్నాడు."

"బుల్లియ్య ఎవరమ్మా?" అన్నారు ఆయన.

"ఆయన బదులు వచ్చే అబ్బాయండి. వర్జ్యం గిర్జ్యం పట్టించుకోడు. ఎప్పుడిస్తే అప్పుడే పెట్టేస్తాడు."

ఎవరు ట్రే అందుకున్నారో కూడా రాసుకున్న పిల్లని, ఇంట్లో కూర్చుని రాసిందన్నారు! నాకు బల్ల మీద చెయ్యి వేసి నాలుగు మాటలు దులిపెయ్యాలనిపించింది. తబిత ఉందని ఊరుకున్నాను.

సరిచేసిన గంటలతో రంగుల పట్టిక మళ్ళీ వేశారు. అంతకుముందు యాభై ఆరో గంటకి కనబడ్డ లామినిన్ యాభై ఎనిమిదో గంటకి మాయమయ్యేది, మళ్ళీ వచ్చేది. ఇప్పుడు మెట్టు మెట్టుగా పెరుగుతూ వచ్చింది. పొర ముందు పరుచుకుంటోంది, కొన్ని గంటల తర్వాతే పోగులు దాని మీద బయల్దేరుతున్నాయి. సూర్యప్రకాశం గారు జూన్ ఇరవై రెండున సంతకం పెట్టారు. అప్పటికీ క్షమించమన్న మాట మాత్రం రాలేదు.

అది తొంభై తొమ్మిది ఫిబ్రవరిలో వైవా రోజున వచ్చింది. హాలు నిండింది. మొదటి వరసలో బేబి కొత్త చీరలో, పక్కన చిట్టియ్య ఇస్త్రీ చొక్కాలో, ఆ పక్కన నేను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు పెద్దాయన థీసిస్ తిరగేస్తూ అడిగారు.

"గుడ్లు ఆలస్యంగా ఎందుకు పెట్టారో మీరు దాచకుండా రాశారు. బాగుంది. కానీ కారణం తెలియక ముందు, ఆ బ్యాచీలు తీసేసి సులువుగా బయటపడి ఉండొచ్చు. ఎందుకు తియ్యలేదు?"

తబిత తలెత్తి చెప్పింది. "నేను రాసింది నిజమని నాకు తెలుసండి. దానికి కారణమే తెలియలేదు. కారణం తెలియనంత మాత్రాన నిజాన్ని కొట్టెయ్యకూడదు కదండి."

సూర్యప్రకాశం గారు కుర్చీలోంచి లేచారు. ఎవరూ లేవమనలేదు. "ఆ మాట గైడుగా నేను ఆమెకి చెప్పాల్సింది. నేను దిద్దుకురమ్మన్నాను. ఆమె దిద్దలేదు. తప్పు నాది తబితా, క్షమించమ్మా" అన్నారు, అంతమంది ముందూ. నా కోపమంతా ఎటుపోయిందో తెలియదు. ఆ మాట అనడానికి ఆయనకి ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. ఎందుకంటే నేను ఇంకా తబితతో అనలేదు.

డాక్టర్ తబిత అని ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. బేబి చేతులు జోడించి "స్తోత్రం" అంటోంది. చిట్టియ్య వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఈల వెయ్యడం వచ్చుంటే నేను ఈల వేసేదాన్నే. జనంలోంచి దారి చేసుకుని వెళ్ళి, నా మాట కూడా ఆ పిల్ల చెవిలో చెప్పేశాను. "నాకు ఆ రోజే తెలుసండి" అని నవ్వింది, దొంగ మొహం.

ఇంతలో సూర్యప్రకాశం గారు వచ్చి నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నారు. "ఇది డిపార్ట్‌మెంటులో ఉండనీ అమ్మా. నా స్టూడెంట్లందరికీ చూపిస్తాను."

తబిత "అలాగేనండి" అంటుందని నేను పళ్ళు నూరుతూ ఎదురుచూశాను. ఆ పిల్ల మెల్లగా, మర్యాదగా, ఆయన చేతుల్లోంచి నోటుబుక్కు వెనక్కి తీసుకుంది.

"జెరాక్సు తీయించి పంపుతానండి" అంది డాక్టర్ తబిత.